పడవాలు అంటే పడవలు కావు: దొంగ అర్థాల ఆటను విప్పి చూస్తే

నిఘంటువులోంచి ఎవరికీ తెలియని మాట ఒకటి తీస్తారు. చుట్టూ కూర్చున్నవాళ్లు తలా ఒక చీటీ మీద ఆ మాటకు ఓ అర్థం కల్పించి రాస్తారు. ఆ కల్పనల మధ్య నిఘంటువు చెప్పిన అసలు అర్థాన్ని కూడా కలిపేసి అన్నిటినీ పైకి చదువుతారు. అసలుదాన్ని పట్టుకున్నవాళ్లకు మార్కులు, తమ కల్పనను పక్కవాళ్లచేత నమ్మించినవాళ్లకూ మార్కులు.

తిరుపతిలో నేను ఈ ఆట ఆడిన ఇళ్లలో కాసేపటికే ఒక వాదన లేచేది. "తప్పుడు అర్థాలు పిల్లోళ్ల బుర్రకెక్కించి, మళ్లీ తియ్యమంటే ఎట్ట తీస్తావు నాయనా?" అని ఒక పెద్దావిడ అడిగేది. "ఈ ఆటే లేకుంటే వీళ్లు నిఘంటువు ముఖమన్నా చూస్తారా అవ్వా?" అని ఇంకొకరు అందుకునేవాళ్లు. ఇద్దరి మాటకూ బలం ఉంది. దీనికి తోడు, ఇప్పుడు ఫోన్‌లో ఓ పాత తెలుగు మాట అర్థం అడిగితే కృత్రిమ మేధ లేని అర్థాన్ని ఉన్నట్టే చెప్పేస్తుండటం చాలామందికి అనుభవమే. ఆటలో కల్పించడం, కావాలని మోసగించడం, పొరపాటున తప్పు చెప్పడం ఈ చర్చలో ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. వాటిని విడదీయాలంటే ముందు ఆట లోపల ఏం జరుగుతుందో చూడాలి.

ఆట ఎక్కడిది, ఎలా నడుస్తుంది

ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలో దీన్ని 'డిక్షనరీ' అనీ 'ఫిక్షనరీ' అనీ పిలుస్తారు. 1965లో బీబీసీ ఇదే తరహా ఆటను 'కాల్ మై బ్లఫ్' పేరుతో టీవీలోకి తెచ్చింది. 1984లో కెనడాలో 'బాల్డర్‌డాష్' అనే పెట్టె ఆటగా అమ్మకానికి వచ్చింది. పెట్టె కొనాల్సిన పనేమీ లేదు. ఒక నిఘంటువు, ఒకే రకం కాగితం ముక్కలు, ఒకే రంగు పెన్నులు ఉంటే చాలు. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు కాబట్టి ఇక్కడ దొంగ అర్థాల ఆట అంటాను.

ప్రతి వంతులో ఒకరు మాట తీస్తారు. ఆ మాట ఎవరికైనా తెలుసా అని అడుగుతారు. తెలుసని ఎవరైనా చెబితే దాన్ని వదిలేసి ఇంకోటి తీస్తారు. అందరూ తెలియదన్నాక చీటీలు రాయడం మొదలవుతుంది. మాట తీసినవాళ్లు అసలు అర్థాన్ని కూడా తమ చీటీ మీద రాసుకుని, అన్నిటినీ కలిపి, ఒకే గొంతుతో, ఎక్కడా తడబడకుండా చదవాలి. చదివేవాళ్ల ముఖంలో నవ్వు మెదిలినా ఆ వంతు పోయినట్టే. తర్వాత ఒక్కొక్కరూ తాము నమ్మిన అర్థానికి ఓటేస్తారు. ఎవరి చీటీకి వాళ్లు ఓటేసుకోకూడదు. చివర అసలు అర్థం బయటపెడతారు.

మార్కుల లెక్క ఇంటికో తీరుగా ఉంటుంది. ఎక్కువగా కనిపించే పద్ధతిలో అసలు అర్థాన్ని పట్టుకుంటే 2, మన కల్పనకు పడ్డ ఒక్కో ఓటుకు 1, అసలు అర్థాన్ని ఎవరూ పట్టుకోలేకపోతే మాట తీసినవాళ్లకు 3.

ఒక వంతును లెక్కలతో చూద్దాం

ఒక ఇంట్లో ఐదుగురు ఆడుతున్నారనుకుందాం. చిన్నాయన మాట తీశాడు: 'పడవాలు'. అత్త, బావ, అన్న, చెల్లెలు చీటీలు రాశారు. చిన్నాయన చదివిన ఐదు అర్థాలు ఇవి.

పడవ దాటించినందుకు సరంగుకు ఇచ్చే కూలి.
గాలివానకు నేలవాలిపోయిన పైరు.
ఏనుగు మెడచుట్టూ కట్టే వెడల్పాటి తోలుపట్టీ.
సేనాపతి.
కొండమెట్ల పక్కన చేతికి ఆనుగా కట్టిన పిట్టగోడ.

మొదటిది బావ కల్పన, రెండోది అత్తది, మూడోది చెల్లెలిది, చివరిది అన్నది. అసలు అర్థం సేనాపతి. బావా అన్నా ఇద్దరూ నేలవాలిన పైరుకే ఓటేశారు. 'పడి', 'వాలి' అనే రెండు మాటలూ అందులో వినిపిస్తున్నాయి కదా, నమ్మకం కుదిరింది. అత్త ఏనుగు పట్టీని నమ్మింది. చెల్లెలు సేనాపతిని పట్టేసింది.

అత్తకు రెండు ఓట్లు పడ్డాయి కాబట్టి 2 మార్కులు. చెల్లెలికి అసలు అర్థం పట్టుకున్నందుకు 2, అత్త ఓటు పడినందుకు 1, మొత్తం 3. బావకూ అన్నకూ సున్నా. ఒకరు అసలుదాన్ని పట్టేశారు కాబట్టి చిన్నాయనకూ సున్నాయే. ఆ ఒక్క ఓటు ఇంకెక్కడ పడినా చిన్నాయనకు 3 వచ్చేవి.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ గుడ్డిగా ఓటేస్తారనుకుంటే ఎవరికి ఎంత వస్తుంది? ఒక్కొక్కరి ముందూ ఐదు అర్థాలున్నాయి, తమది తీసేస్తే నాలుగు. అసలుదాన్ని తగిలే అవకాశం నాలుగింట ఒకటి, దానికి 2 మార్కులు, సగటున 0.5. ఇక తమ కల్పనకు మిగతా ముగ్గురిలో ఒక్కొక్కరూ ఓటేసే అవకాశం కూడా నాలుగింట ఒకటే, సగటున 0.75. అంటే ఐదుగురి ఆటలోనే ఊహించి పట్టుకోవడం కంటే నమ్మించడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. మాట తీసేవాళ్లు కాక చీటీలు రాసేవాళ్లే ఎనిమిది మంది ఉంటే ఊహకు వచ్చేది సగటున 0.25కు పడిపోతుంది, కల్పనకు వచ్చేది 0.875కు పెరుగుతుంది. కూటమి పెద్దదయ్యే కొద్దీ ఇది పదజ్ఞానం పరీక్షగా తగ్గిపోయి, రాతనేర్పు పరీక్షగా మారుతుంది. తెలుగు బాగా వచ్చినవాళ్లు ఈ ఆటలో ఎందుకు ఓడిపోతుంటారో, పదో తరగతి పిల్ల ఎందుకు గెలుస్తుందో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

తెలుగు మాట తన అర్థాన్ని తానే చెప్పేస్తుంది

ఇంగ్లిష్ నిఘంటువుతో ఆడినంత సులువుగా తెలుగు నిఘంటువుతో ఆడలేం. ఇంగ్లిష్‌లో లాటిన్, గ్రీకు, ఫ్రెంచ్, జర్మన్ మూలాల మాటలు పోగుపడి ఉన్నాయి. చాలా మాటలు చూడగానే లోపలికి చూపు పోనివ్వవు. మన పాత మాటల్లో పెద్ద భాగం అలా మూసుకుని ఉండవు. 'గట్టుపట్టి' అనగానే గట్టు అంటే కొండ, పట్టి అంటే బిడ్డ, కాబట్టి పార్వతి అని ఎవరో ఒకరు చెప్పేస్తారు. 'మిన్నేరు' మిన్ను మీది ఏరు, గంగ. 'వేగంటి' వేయి కన్నులవాడు, ఇంద్రుడు. 'గాడుపుచూలి'లో గాడుపు గాలి అని తెలిస్తే చాలు, హనుమంతుడో భీముడో అని పట్టేయవచ్చు. వినడానికి ఎంతో అందమైన మాటలివి, ఆటకు మాత్రం పనికిరావు.

సంస్కృత సమాసాలదీ ఇదే తీరు. తిరుపతిలో అయితే మరీ ఎక్కువ. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్న ఊరు; నలుగురు కూర్చున్న చోట సంస్కృతం చదివినవాళ్లు ఒకరైనా ఉంటే సమాసాన్ని విగ్రహవాక్యంతో సహా విప్పేస్తారు. 'ధమ్మిల్లం' లాంటి మాట అయితే కాస్త నిలుస్తుంది. అందులోంచి ఏ ధాతువూ తొంగిచూడదు. అర్థం ఆడవాళ్ల జుట్టుముడి, కొప్పు.

అక్షరాలు కూడా రహస్యం దాచవు. మన వ్యాకరణాలు సంస్కృతానికి 50 వర్ణాలు, తెలుగుకు 36 వర్ణాలు లెక్క చెప్పాయి. ఖ, ఘ, ధ లాంటి ఒత్తక్షరాలు, ష లాంటివి కనిపిస్తే మాట సంస్కృతంనుంచో, ఉర్దూ లాంటి వేరే భాషనుంచో వచ్చిందని ఊహించవచ్చు. అరసున్న గానీ బండి ఱ గానీ ఉంటే అది సంస్కృత రూపం కాదు. అందుకే మాటను కాగితం మీద చూపిస్తే ఒక రకం ఆట, నోటితో పలికితే ఇంకో రకం ఆట. పలికినప్పుడు అరసున్న వినపడదు, ఱకూ రకూ తేడా మనలో చాలామంది నోట మిగల్లేదు.

ఇంకో చిక్కు నిఘంటువుల రాతతీరులో ఉంది. 1885లో వచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరంలో ఎక్కువ మాటలకు అర్థం ఒక్క పర్యాయపదంతో ముగిసిపోతుంది: "దే. వి. ఆయుధము" అన్నట్టు. దే. అంటే దేశ్యం, తెలుగు సొంత మాట; వి. అంటే విశేష్యం, నామవాచకం. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు అర్థాన్ని ఇంగ్లిష్‌లో ఇస్తుంది. 1936 నుంచి సంపుటాలుగా వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు కావ్య ప్రయోగాలతో విస్తారంగా నడుస్తుంది. ఆడేవాళ్లు రాసే కల్పనలు మాత్రం మాట్లాడే తెలుగులో, వాక్యం నిడివిలో ఉంటాయి. వాటి మధ్య "ఆయుధము" అని ఒక్క మాట వినిపిస్తే అసలుది ఏదో అక్కడే తేలిపోతుంది. అందుకే మాట తీసినవాళ్లు అసలు అర్థాన్ని కూడా మిగతావాటి భాషలోకి దించి రాస్తారు. అర్థం మారకుండా దాని నడక ఒక్కటే మార్చడం పైకి కనిపించినంత తేలిక కాదు. ఆటలో అన్నిటికంటే కష్టమైన పని ఇదేనని నా అభిప్రాయం.

దొంగ అర్థాలు పుట్టే దారులు

తెలుగులో ఆటకు బాగా అమరే మాటలు వేరే ఉన్నాయి. రూపంలో చిన్నవి, ఇవాళ్టి చెవికి మరో మాటలా వినిపించేవి. 'కైదువు' వినగానే ఖైదు గుర్తొస్తుంది, అర్థం ఆయుధం. 'కలను' అంటే కలకు ద్వితీయా విభక్తి చేర్చినట్టుంటుంది. అర్థం యుద్ధం, యుద్ధభూమి. 'పులుగు' పురుగుకు తమ్ముడిలా ఉంది, అర్థం పక్షి. 'నెత్తము' నెత్తికో నెత్తురుకో చుట్టమనిపిస్తుంది. అర్థం జూదం, పాచికలాట. హాథీరాం బావాజీతో స్వామి పాచికలాడాడన్న కథ వింటూ పెరిగిన ఊళ్లోనే నెత్తం అంటే ఎవరికీ తెలియకుండా పోయింది.

ఇలాంటి మాట ఎదురైనప్పుడు జనం రాసే కల్పనలు చాలావరకు మూడు దారుల్లో వస్తాయి. మొదటిది చెవి దారి: మాట ఏ మాటలా వినిపిస్తే దాని చుట్టూ అల్లడం. 'నెత్తము' అంటే తలకు తగిలిన గాయం, 'కైదువు' అంటే చెరసాల కాపలావాడి జీతం. రెండోది విరుపు దారి: మాటను రెండు ముక్కలు చేసి, ముక్కలకు అర్థం చెప్పి, కలపడం. 'కై' అంటే చెయ్యి, 'దువ్వు' ఉండనే ఉంది, కాబట్టి కైదువు అంటే చేతితో జుట్టు దువ్వుకోవడం. తప్పు వ్యుత్పత్తులు భాషలో పుట్టేది కూడా ఇలాగే. ఊరి పేర్లకు ఎవరో చెప్పిన కథలు తరాల తరబడి నిలిచిపోవడం వెనక ఉన్న బుద్ధి ఇదే. మూడోది రంగం దారి: శబ్దాన్ని పట్టించుకోకుండా, మనకు ఎటూ తెలియని ఒక పనిలోకి మాటను తోసేయడం. మగ్గం భాగం, ఎద్దు మెడకు కట్టే తాడు, పెళ్లిలో ఒక తంతు, వైద్యంలో ఒక వేరు. పట్నంలో పెరిగినవాడికి మగ్గం భాగాల పేర్లు తెలియవు కాబట్టి కాదనలేడు. గంగమ్మ జాతరలో వేషం కట్టినవాళ్లు తెలిసిన మనిషే అయినా ఆ వారం గుర్తుపట్టలేనట్టు, ఈ మూడో దారిలో వచ్చే అర్థం ఎవరిదో పోల్చుకోవడం చాలా కష్టం.

అనుభవం ఉన్నవాళ్లు మూడో దారినే పడతారు. కొత్తవాళ్లు చెవి దారిలో దొరికిపోతారు, ఎందుకంటే అదే ఆలోచన ఇంకో ఇద్దరికి కూడా వస్తుంది. మూడు చీటీల్లో జైలు కనిపిస్తే జైలు అబద్ధమని ఎవరికైనా అర్థమవుతుంది. ఇంకో గుర్తు కూడా ఉంది. కల్పించేవాళ్లు నమ్మించాలన్న తాపత్రయంతో వివరాలు గుప్పిస్తారు: "కార్తీకమాసంలో ముత్తైదువలు మాత్రమే, తూర్పు ముఖంగా..." నిఘంటువుకు అంత ఆత్రం ఉండదు.

సరిహద్దు జిల్లాలో ఆట వేరు

ఈ ఆటను కృష్ణా ఒడ్డున ఆడటానికీ చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఆడటానికీ తేడా ఉంది. నగరి, సత్యవేడు వైపు తమిళం ఇంటి పక్క భాష. కుప్పం, పలమనేరు వైపు తమిళంతో పాటు కన్నడం కూడా చెవిన పడుతుంది. ద్రావిడ భాషల కోసం 1997లో పెట్టిన విశ్వవిద్యాలయం కుప్పంలో ఉండటం ఊరికే కాదు. పాత తెలుగు మాటల్లో మనం వదిలేసినవి పక్క భాషల్లో ఇంకా బతికి ఉన్నాయి.

'పడవాలు' సంగతే చూడండి. తమిళంలో సేనను పడై అంటారు, కన్నడంలో పడె. ఆ రెంటిలో ఒకటి తెలిసినవాళ్లకు సేనాపతి అన్న అర్థం చీటీ చదవగానే తగులుతుంది. 'కలను'కు తమిళంలో కళం ఉంది, యుద్ధభూమి అన్న అర్థంలోనే. 'కైదువు'కు పాత కన్నడంలో కైదు తోడుంది. 'పులుగు'కు తమిళ కావ్యభాషలో పుళ్ ఉంది. తమిళం రానివాళ్లకు కూడా ఈ మాట తగిలే దారి తిరుపతిలో ఒకటుంది: ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం బదులు వినిపించే తిరుప్పావైలో పక్షులకు ఈ మాటే వాడారు. వ్యాఖ్యానం విన్నవాళ్లు పులుగును పురుగు అనుకోరు.

అయితే ఈ వరం ఎదురు కూడా తిరుగుతుంది. తమిళం తెలిసినవాళ్లు ప్రతి పాత మాటలోనూ తమిళం వెతుకుతారు. వాళ్లను దృష్టిలో పెట్టుకుని, తమిళ మాటకు దగ్గరగా వినిపించే అర్థాన్ని కల్పించేవాళ్లు ఉంటారు. ఎదుటివాళ్లకు ఏం తెలుసో తెలిసిన కల్పనే గట్టిగా నిలబడుతుంది.

కొండమీది మాటలది ఇంకో ప్రత్యేకత. 'పోటు' అంటే బయటి ఊరివాళ్లకు కత్తిపోటో, సముద్రపు ఆటుపోటో. తిరుమలలో పోటు అంటే స్వామి ప్రసాదాలు వండే వంటశాల. 'తోమాల' వింటే కొత్తవాళ్లు గిన్నెలు తోమడం అనుకునే ప్రమాదం ఉంది. అది స్వామిని పూలమాలలతో అలంకరించే సేవ. పడికావలి మహాద్వారం. కొప్పెర హుండీలోని పెద్ద పాత్ర. ఇవి తిరుపతివాళ్ల మధ్య ఆడితే ఆటే సాగదు, అందరికీ తెలుసు. గోదావరి జిల్లాల చుట్టాలు వచ్చినప్పుడు మాత్రం ఇంతకంటే మంచి మాటలు దొరకవు. ఒక మాట కఠినమా సులువా అన్నది మాటలో ఉండదు, ఎవరి మధ్య కూర్చుని పలికామన్న దానిలో ఉంటుంది.

పిల్లలకు మంచిదా, చెడ్డదా

ఇప్పుడు అవ్వ అడిగిన ప్రశ్నకు వద్దాం. ఆమె భయానికి ఆధారం ఉంది. 1977లో హ్యాషర్, గోల్డ్‌స్టైన్, టొపినో అనే మనస్తత్వ పరిశోధకులు కొన్ని వాక్యాలను జనానికి రోజుల తేడాతో మళ్లీ మళ్లీ వినిపించారు. మళ్లీ విన్న వాక్యాలను, నిజమైనా అబద్ధమైనా, మొదటిసారి కంటే ఎక్కువగా నిజమని నమ్మారు. చెవికి పరిచయమవడమే నమ్మకానికి సగం దారి వేస్తుందన్నమాట. 2005లో రోడిగర్, మార్ష్ బహుళైచ్ఛిక ప్రశ్నల మీద చేసిన పరిశోధన అవ్వ వాదానికి మరింత దగ్గరగా ఉంటుంది. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పరీక్ష రాసినవాళ్లు తర్వాత మామూలు ప్రశ్న అడిగితే మొత్తం మీద బాగానే చెప్పారు గానీ, మొదటి పరీక్షలో చూసిన తప్పు జవాబుల్ని కూడా కొన్నిసార్లు సరైనవిగా చెప్పేశారు. దొంగ అర్థాల ఆట రూపంలో బహుళైచ్ఛిక ప్రశ్నే. పైగా ఇక్కడి తప్పు జవాబులు నమ్మించడానికే పనిగట్టుకుని రాసినవి.

ఎదుటి వాదానికీ అంతే ఆధారం ఉంది. 2009లో కోర్నెల్, హేస్, బ్యార్క్ ఒక ప్రయోగం చేశారు. ఒక మాట చూపించి దానికి జతపడే మాటను ముందు ఊహించమన్నారు. ఊహలు చాలావరకు తప్పాయి. వెంటనే సరైన జత చూపించారు. తప్పు ఊహించి తర్వాత సరైనది తెలుసుకున్నవాళ్లు, మొదటినుంచీ సరైనదాన్నే చదువుకున్నవాళ్ల కంటే బాగా గుర్తుపెట్టుకున్నారు. పడవాలు అంటే సేనాపతి అని పదకొండుసార్లు రాసి బట్టీపట్టిన పిల్లాడి కంటే, పైరు అనుకుని ఓటేసి ఓడిపోయిన పిల్లాడికి ఆ మాట ఎందుకు నిలుస్తుందో ఇది కొంతవరకు చెబుతుంది.

ఈ రెండు వైపుల ఫలితాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. చివరి ప్రయోగంలో తప్పు ఊహ వెనకే సరైన జవాబు వచ్చింది. మొదటి రెండింటిలో జరిగిన నష్టం సరిదిద్దేవాళ్లు లేనప్పటిది. జవాబు వెంటనే చెబితే బహుళైచ్ఛిక పరీక్షల హాని కూడా తగ్గుతుందని రోడిగరే బట్లర్‌తో కలిసి 2008లో చూపించాడు. అంటే మొత్తం భారం ఆటలో చివరి క్షణం మీద, అసలు అర్థాన్ని బయటపెట్టి చదివే క్షణం మీద పడుతుంది. చాలా ఇళ్లలో సరిగ్గా ఇక్కడే తొందరపడటం చూశాను. ఓట్లు లెక్కపెట్టే గోలలో "సేనాపతంట, సేనాపతి" అని ఒకసారి అనేసి తర్వాతి మాటకు పోతారు. నేలవాలిన పైరు గురించి మాత్రం పది నిమిషాలు నవ్వుకుంటారు. అలా ఆడితే అవ్వ చెప్పిందే జరుగుతుంది. అసలు అర్థాన్ని మళ్లీ చదివి, ఆ మాట ఏ పద్యంలో ఎలా వచ్చిందో ఒక్క ప్రయోగం చూపించిన ఇళ్లలో మాట నిలుస్తుంది.

నిఘంటువులోనే దొంగమాట ఉంటే

కల్పిత అర్థాలు ఆటకే పరిమితం కాలేదు. నిఘంటువుల్లోకీ దూరాయి, ఒకసారి పొరపాటున, ఒకసారి కావాలని.

పొరపాటు కథ 1934 నాటి వెబ్‌స్టర్ ఇంగ్లిష్ నిఘంటువు రెండో కూర్పుది. అందులో 'డోర్డ్' అనే మాట ఉంది, అర్థం సాంద్రత అని. అలాంటి మాట ఎక్కడా లేదు. సాంద్రతకు సంకేతంగా పెద్ద డి గానీ చిన్న డి గానీ వాడతారని చెప్పే చీటీ ఒకటి 1931లో సంపాదకులకు చేరింది. ఇంగ్లిష్‌లో 'గానీ' అన్న మాటకు రెండక్షరాలే. రెండు డిల మధ్య అవి కలిసిపోయి మొత్తం ఒక్క మాటలా కనిపించింది. సంకేతాల కట్టలోకి వెళ్లాల్సిన చీటీ మాటల కట్టలోకి వెళ్లింది. 1939లో ఒక సంపాదకుడు ఈ మాటకు వ్యుత్పత్తి లేదేమని ఆరా తీసేదాకా ఎవరూ గమనించలేదు. అచ్చులో పూర్తిగా తొలగేసరికి 1947 వచ్చింది.

కావాలని చేసిన కథ 2001 నాటి న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీది. అందులో 'ఎస్క్వివేలియన్స్' అనే మాటకు ఉద్యోగ బాధ్యతల్ని కావాలని తప్పించుకోవడం అని అర్థం ఇచ్చారు. మాట సంపాదకుల కల్పన. తమ నిఘంటువును ఎవరైనా ఎత్తిరాస్తే ఈ మాట వాళ్ల పుస్తకంలో కనిపించి పట్టిస్తుందని వేసిన వల అది. 2005లో సంగతి బయటికొచ్చింది.

దొంగ అర్థాల ఆటలో జరిగేది ఈ రెండూ కాదు. డోర్డ్ విషయంలో తప్పని ఎవరికీ తెలియదు. ఎస్క్వివేలియన్స్ విషయంలో రాసినవాళ్లకు తెలుసు, చదివినవాళ్లకు తెలియదు. ఆటలో చీటీల్లో ఒక్కటే నిజమని కూర్చున్న అందరికీ ముందే తెలుసు, అదేదో కాసేపట్లో చెబుతారనీ తెలుసు.

కృత్రిమ మేధ ఇచ్చే తప్పు అర్థాలు డోర్డ్‌కు దగ్గరివి. ఈ యంత్రాలు నేర్చుకునే రాతలో తెలుగు తక్కువ, పాత దేశ్య పదాలు మరీ తక్కువ. తెలియని మాట ఎదురైనప్పుడు అవి కూడా చెవి దారి, విరుపు దారి పట్టినట్టే కనిపిస్తాయి: మాటను విరిచి, దగ్గరి శబ్దంతో పోల్చి, నమ్మదగిన వాక్యం కట్టేస్తాయి. 'కలను' లాంటి మాటకు ఆ వాక్యం ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు. తేడా ఏమిటంటే ఇక్కడ పక్కన నిఘంటువు తెరిచి పట్టుకుని కూర్చున్న చిన్నాయన లేడు. ఆటలో ఆరితేరినవాళ్లు ఇలాంటి జవాబుల్ని మిగతావాళ్లకంటే తొందరగా అనుమానిస్తారని నాకు గట్టిగా అనిపిస్తుంది. అలాంటి వాక్యాలు తామే రాసి నమ్మించినవాళ్లు కదా.

ఏ పుస్తకం మాట చెల్లుతుంది

ఆటలో చివరిదాకా తేలని తగువు ఒకటుంది. కల్పించిన అర్థం నిజమైపోతే? 'నెమ్మి'కి నెమలి అనే అర్థం ఉంది, ప్రేమ అనే అర్థమూ ఉంది. మాట తీసినవాళ్లు నెమలిని రాసుకుంటే, ఇంకొకరు అనుకోకుండా ప్రేమ అని రాస్తే, అది దొంగ అర్థమా అసలు అర్థమా? ఎక్కువమంది ఒప్పుకునే పద్ధతిలో ఓట్లు వేయకముందే ఆ చీటీని పక్కనపెట్టి, రాసినవాళ్లకు అసలు అర్థం చెప్పినట్టే మార్కులిస్తారు.

దీనికంటే పెద్ద తగువు మాండలికంతో వస్తుంది. 'కసువు' మాట వచ్చిందనుకుందాం. చిత్తూరువాళ్లకు తెలియని మాట కాదు, ఇంట్లో రోజూ ఊడ్చేది కసువే, అంటే చెత్త. పాత నిఘంటువు తీస్తే అర్థం గడ్డి. 'వాకిలి' అంటే కోస్తావాళ్లకు ఇంటి ముందు జాగా. రాయలసీమలో వాకిలి వెయ్యమంటే తలుపు మూయమని. బంగారు వాకిలి ముందు నిలబడి దర్శనం చేసుకున్న వాళ్లెవరికీ ఇది చెప్పక్కర్లేదు. ఇలాంటి మాటలో పుస్తకం చెప్పిందే గెలుస్తుందంటే ఇంటి నోట ఉన్న భాషను తప్పని ప్రకటించినట్టవుతుంది. నోటి మాట చెల్లుతుందంటే ఎవరికి వాళ్లు "మా ఊళ్లో ఇంతే" అనవచ్చు, అప్పుడు పట్టుకునే దారి లేదు.

పండితుల నిఘంటువులు ఎక్కువగా కావ్యాల్లోంచి ఏరుకున్నవి, జనం నోట నలిగిన మాటలకు వాటిలో చోటు తక్కువ. ఆ లోటు తీర్చే పెద్ద ప్రయత్నం భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. నాగలిని మా వైపు మడక అంటారు. అలాంటి మాటలు ఏ జిల్లాలో ఏ రూపంలో ఉన్నాయో రైతుల్నీ నేతగాళ్లనీ అడిగి రాసుకున్న పని అది. ఆ సంపుటాలతో ఆడితే ఆట పూర్తిగా తిరగబడుతుంది. ఎమ్మే చదివినవాళ్లు తెలియక చీటీలు నింపుతుంటే, మూలన కూర్చున్న అవ్వ "అది నాకు తెలుసు, ఇంకో మాట తియ్యి" అని ప్రతి వంతులోనూ ఆపేస్తుంది. అప్పుడు ఆమె చేతికే పుస్తకం ఇచ్చి మాట తియ్యమనడం కొన్ని ఇళ్లలో మొదలైంది. చదవడం రాకపోతే మనవరాలు పక్కన కూర్చుని మాటలు వినిపిస్తుంది, ఏది తియ్యాలో అవ్వ చెబుతుంది, అసలు అర్థం కూడా ఆమె చెప్పిందే చీటీ మీద రాస్తారు. పుస్తకానికీ ఆమెకూ తేడా వచ్చినచోట రెండు అర్థాలకూ మార్కులు వేస్తారు.